తూటా వేగం కొలిచే కడ్డీలు

మా ఆయన కర్నూల్లో రిజర్వు పోలీసు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన రోజుల్లో, మా క్వార్టరు వసారాలో జరిగే మాటలన్నీ వంటింట్లోకి వినబడేవి. మధ్యలో ఒక్క గోడ, ఆ గోడకు పైన గాలి కోసం వదిలిన సందు. పోపు చిటపటలాడేటప్పుడు తప్ప తక్కిన వేళల్లో ఎవరేమన్నదీ నాకు తెలిసేది. ఆ యేడు ఎండలు ముదిరేసరికి వసారాలో ఒకటే సంగతి నడుస్తోంది. కొత్తగా వచ్చిన తూటాలు సరిగా పోవడం లేదని.

కర్నూలు అప్పటికి రాజధాని. ఊళ్లోకి ఎన్నెన్ని ఆఫీసులో వచ్చిపడ్డాయి. కట్టడాలు చాలక కొన్ని గుడారాల్లోనే నడిచేవి. బందోబస్తు పని పెరగడంతో రిజర్వులోకి కొత్తవాళ్లను చాలామందిని తీసుకున్నారు. వాళ్లతో పాటే కొత్త తూటాల పెట్టెలూ దిగాయి. ఏటా జరిగే ఫైరింగు పరీక్ష ఆ పెట్టెలు విప్పిన తర్వాతే జరిగింది. అంతవరకు ఎన్నడూ తప్పనివాళ్లు కూడా ఆసారి తప్పారు. కొందరి దెబ్బలు గురికి కింద పడ్డాయి, కొందరివి పైకి పోయాయి.

తప్పినవాళ్లలో అందరికంటే పెద్దవాడు ఒక హెడ్ కానిస్టేబుల్. వేంపల్లె దగ్గర పల్లె ఆయనది. రిజర్వులో అందరూ ఆయనను పెద్దాయన అనేవారు. జిల్లాలో తుపాకి పట్టినవాళ్లలో సగం మందికి పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా ఆయనకు కూడా. ఆయన చొక్కా చేతిమీద రెండు తుపాకులు ఒకదానికొకటి అడ్డంగా కుట్టిన గుర్తు ఉండేది. మంచి గురికాడికి ఇచ్చే గుర్తు అది. పరీక్ష తప్పితే తీసేయాలి. ఆయన తీసేశాడు. చుట్టూ ఖాకీ వెలిసిపోయి, గుర్తు ఉన్నచోట మాత్రం బట్ట కొత్తగా ఉండిపోయింది. దూరం నుంచి చూస్తే ఇంకా అక్కడ తుపాకులు ఉన్నట్టే కనబడేది.

"తూటాలో పస ల్యాదు సార్," అనేవాడు ఆయన మా వసారాలో నిలబడి. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. "నా భుజానికే తెలుస్తాండాది. పాతవాటి మాదిరి తన్నల్యా."

"ఏమప్పా, కొందరివి పైకి పోయినాయి గదా. పస లేకుంటే పైకెట్ల పోతాయి?" అని మా ఆయన.

"అదీ తూటా తప్పే సార్. ఒకటి జాస్తి, ఒకటి తక్కువ. పొంతన ల్యాదు."

ఈ మాట మెల్లగా సూపరింటెండెంటు దాకా పోయింది. ఆయన కోస్తా వైపు మనిషి. ఏదైనా పనిముట్టు కొనడమంటే ఉత్సాహపడేవాడు. తూటా వేగం కొలిచే యంత్రం ఉంటుందట, క్రోనోగ్రాఫు అంటారట, ఏది మంచిదో చూసి చెప్పు, మన ఫైరింగు రేంజిలో పెట్టిద్దాం అని మా ఆయనకు పురమాయించాడు. మద్రాసు నుంచి కంపెనీల క్యాటలాగులు వచ్చాయి. మా ఆయన వాటిని రెండు రోజులు ఆఫీసులో పెట్టుకుని, మూడోరోజు ఇంటికి తెచ్చాడు.

నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఆ కాగితాలు నా చేట పక్కన పెట్టాడు.

"రవంత చూడవా వీటిని. ఇంగ్లీషు అర్థమయితాంది గానీ సంగతి అర్థం కాల్యా."

నాది రాజంపేట. మా నాయన నన్ను మద్రాసుకు పంపి బి.యస్సీ. చదివించాడు, ఫిజిక్సులో. చదువు ముగియగానే పెళ్లయింది. ఆ తర్వాత ఫిజిక్సుతో నాకు పని పడలేదు. ఇస్త్రీపెట్టె ఫ్యూజు కట్టడం, రేడియో ఏరియలు సర్దడం, ఇంతే. పుస్తకాలు ట్రంకుపెట్టెలో అడుగున ఉన్నాయి. ఆ సాయంత్రం పెట్టె దించి వాటిని పైకి తీశాను. వేపాకు వాసన కొడుతున్నాయి.

క్యాటలాగుల్లో ఉన్నవీ, నా పుస్తకాల్లో ఉన్నవీ కలిపి చూస్తే మాకు మూడు దారులు కనబడ్డాయి. మొదటిది లోలకం. బరువైన పెట్టెను తాళ్లతో వేలాడదీసి తూటాను దాంట్లోకి కొట్టడం. పెట్టె ఎంత దూరం ఊగిందో చూసి లెక్కగట్టడం. దీనికి కొనేదేమీ లేదు, ఊళ్లో వడ్రంగి చేసిస్తాడు. మా ఆయనకు ఇది బాగా నచ్చింది. నాకు నచ్చలేదు. రైఫిలు తూటా ఒట్టి చెక్కలో ఆగదు, ఇసుక నింపాలి. దెబ్బ దెబ్బకూ ఇసుక కారుతుంది, తూటా మిగిలిపోయి పెట్టె బరువు మారుతుంది. తూటాలో సగం పస పోయి ఉంటే ఆ పెట్టె చెప్పగలదు. కొద్దిగా పోయి ఉంటే చెప్పలేదు. పెద్దాయన అంటున్నదో, కొద్ది తేడా.

రెండోది కొత్తది. గాజు దీపాలు వెలిగి అంకెలు చూపించే ఎలక్ట్రానిక్ కౌంటరు. తుపాకి ముందు కొంత దూరంలో ఒక చట్రం, ఇంకాస్త దూరంలో మరో చట్రం, రెండింటి నిండా సన్నని రాగి తీగ. తూటా మొదటి తీగ తెంపినప్పుడు లెక్క మొదలవుతుంది, రెండో తీగ తెంపినప్పుడు ఆగుతుంది.

మూడోది కడ్డీలది. చట్రాలూ తీగలూ దీనికీ ఉన్నాయి. కానీ దీపాలు లేవు. నిలువు కంబానికి రెండు విద్యుదయస్కాంతాలు, వాటిని అంటుకుని వేలాడే ఒక పొడుగు కడ్డీ, ఒక పొట్టి కడ్డీ. మొదటి తీగ తెగి కరెంటు ఆగగానే పొడుగు కడ్డీ రాలుతుంది. రెండో తీగ తెగగానే పొట్టిది రాలి కింద ఒక మీట మీద పడుతుంది. ఆ మీట విడిచిన కత్తి, అప్పటికింకా పడుతూనే ఉన్న పొడుగు కడ్డీ మీద గాటు పెడుతుంది. గాటు ఎంత పైన పడితే తూటా అంత నిదానంగా పోయినట్టు. ఇది నాకు చూడగానే అర్థమైంది.

సూపరింటెండెంటు మనసు మాత్రం దీపాల యంత్రం మీదే ఉంది. ఆ కంపెనీ మనిషి మద్రాసు నుంచి యంత్రాన్ని తెచ్చి చూపిస్తానని తంతి ఇచ్చాడు.

"నువ్వు కూడా రా," అన్నాడు మా ఆయన. "ఆయప్ప ఏం చెప్తే దానికి తలూపడం తప్ప నాకేం తెల్సు?"

రేంజి ఊరికి బయట, గుట్ట వాలులో ఉండేది. అంతవరకు నేను దాన్ని దూరం నుంచి కూడా చూడలేదు. జీపు వెనక సీట్లో కూర్చుని వెళ్లాను. చెట్టు లేదు. ఎర్రజెండా ఒకటి, గురిబోర్డులు పైకెత్తే గుంత ఒకటి, తూటాలు పెట్టుకునే రాతి కొట్టం ఒకటి. అక్కడ ఆడమనిషి కూర్చోవడానికి చోటేమిటని పోలీసులు కంగారుపడుతుంటే, పెద్దాయన ఒక కంబళి మడిచి బండమీద వేశాడు.

"ఈడ కూచోండమ్మా. ఎండ అప్పుడే రాదు ఈ పక్కకు."

మద్రాసు ఆయన మంచి మనిషే. తెల్ల ప్యాంటు, చేతిలో టోపీ. తనతో పాటు బ్యాటరీలు, కరెంటు మార్చే పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు, రేంజిలో కరెంటు లేదని ముందే తెలుసుకుని. యంత్రాన్ని బల్లమీద పెట్టి వేడెక్కనిచ్చాడు. మొదటి దెబ్బకు దీపాల్లో చుక్కలు గిర్రున తిరిగి ఆగాయి. ఆయన లెక్కవేసి వేగం చెప్పాడు. పుస్తకాల్లో రాసిన వేగానికి దగ్గరగానే ఉంది. పోలీసులందరూ బల్ల చుట్టూ మూగారు. రెండో దెబ్బ, మూడో దెబ్బ, అన్నీ బాగానే వచ్చాయి. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు. అంత చిన్న కాలాన్ని దీపాలు పట్టుకోవడం నేను చదివాను గానీ చూడలేదు.

"ఇది తప్పు చెబితే, తప్పని మనకెట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

ఆయన మా ఆయన వైపు తిరిగి జవాబిచ్చాడు. "తప్పు చెప్పదు సార్."

ఎండ పైకొచ్చింది. బల్లమీది ఇనుప డబ్బా ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడెక్కింది. కాసేపటికి ఒక దెబ్బకు దీపాల్లో చుక్కలు ఇంతకుముందు ఆగినచోట ఆగకుండా ఎక్కడికో పోయాయి. లెక్కవేస్తే తూటా వేగం ఉన్నదాంట్లో సగం వచ్చింది. గుంతలో ఉన్నవాళ్లు గురిబోర్డు ఎత్తి చూపించారు, దెబ్బ మధ్యలోనే ఉంది. సగం వేగంతో పోయిన తూటా అక్కడ తగలదు. మద్రాసు ఆయన మూత తీసి, గాజు బుడ్లు ఒక్కొక్కటే అదిమి, మళ్లీ పెట్టాడు. ఈసారి సరిగా వచ్చింది.

"వేడి సార్. ఇక్కడ వేడి కొంచెం జాస్తి," అన్నాడు ముఖం తుడుచుకుంటూ.

"ఇంత పెద్ద తప్పు కాబట్టి అందరికీ తెలిసింది," అన్నాను. "కొద్ది తప్పయితే? మేము చూడవలసింది కొద్ది తేడానే."

ఈసారి ఆయన నావైపే చూశాడు. "అలా అనుమానం వస్తే బెంగుళూరులో మా ఇంజనీరు ఉన్నాడమ్మా. పంపిస్తే చూసి ఇస్తాడు."

ఆ మాట ఆయన దాచకుండా చెప్పినందుకు నాకు ఆయనమీద గౌరవం కలిగింది. ఇల్లు చేరాక, మా ఆయన బూట్లు విప్పుతూ, "కడ్డీలదేనా?" అన్నాడు. కడ్డీలదే అన్నాను. "దొరతో ఎట్ల చెప్పేది? ఆయన దీపాలంటే దీపాలంటాండాడు."

మా ఆయన చెప్పలేకపోయాడు. చెప్పబోయాడట గానీ, సూపరింటెండెంటు ఒక ప్రశ్న వేసేసరికి జవాబు రాక, "మా ఇంట్లో అడగాల సార్, ఆమె చదివింది," అనేశాడట. ఆఫీసులో గుమాస్తాలు నవ్వారట కూడా. సూపరింటెండెంటు నవ్వలేదు. మరుసటి ఆదివారం పొద్దున మా వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. నేను బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టాను.

"ఏమ్మా, మీవారు ఆ పాత కడ్డీల యంత్రమే మేలంటున్నారు. ఎందుకో నాకు చెప్పండి," అన్నాడు.

మాటలతో చెబితే చుట్టూ తిరుగుతుందనిపించింది. లోపలికి పోయి అట్లకాడ, అప్పడాల కర్ర తెచ్చాను. అట్లకాడను ఒక చేత్తో, కర్రను ఇంకో చేత్తో పైకి పట్టుకుని నిలబడ్డాను. ఇది మొదటి తీగ తెగినప్పుడు అని అట్లకాడ వదిలాను. ఇది రెండోది అని వెంటనే కర్ర వదిలాను. రెండూ బండలమీద పడి పెద్ద చప్పుడైంది. మా ఆయన ఉలిక్కిపడ్డాడు. సూపరింటెండెంటు ఇంకోసారి చేయమన్నాడు. చేశాను.

"రెండు తీగల్లో కరెంటునూ ఒకే మీటతో ఒకేసారి ఆపితే రెండు కడ్డీలూ ఒకేసారి రాలుతాయి సార్," అన్నాను. "అప్పుడు గాటు ఎప్పుడూ ఒకే చోట పడాలి. పడకపోతే యంత్రం బాగా లేదని మనకే తెలుస్తుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు అలా చూసుకోవచ్చు. బెంగుళూరుకు పంపనక్కర్లేదు. బ్యాటరీ జీపుది చాలు."

"పాతకాలం పద్ధతి కదమ్మా ఇది."

"అవును సార్. భూమి గుంజడం కూడా పాతదే."

అన్నాక, ఎక్కువ మాట్లాడానేమోనని భయమేసింది. ఆయన పెద్దగా నవ్వి ఉగ్గాని ఇంకొంచెం పెట్టించుకున్నాడు. వారం లోపల కడ్డీల యంత్రానికి ఆర్డరు పోయింది. సిఫారసు కాగితం మా ఆయన ఇంట్లోనే రాశాడు. సంగతి నాది, సంతకం ఆయనది. కొనేది శాఖ, అలాగే ఉండాలి. అయినా ఆ కాగితాన్ని ఆ సాయంత్రం నేను రెండోసారి తీసి చదివాను.

యంత్రం రావడానికి వానాకాలం దాటింది. చలి మొదలయ్యాక రైల్లో వచ్చింది, ఊక నింపిన చెక్కపెట్టెలో. అది కదలకుండా ఉండాలి కాబట్టి రేంజిలోని రాతి కొట్టంలో దిమ్మె కట్టించి పైన కడప బండ పరిచారు. రసమట్టం పెట్టి బండ సరిచేయడానికి నాకూ మా ఆయనకూ ఒక పూట పట్టింది. బయట చట్రాల పని పెద్దాయన తీసుకున్నాడు. వెంట్రుక మందం రాగి తీగను చట్రానికి అటూ ఇటూ అల్లాలి. దెబ్బ దెబ్బకూ తెగిన చోట మళ్లీ ముడివేయాలి. ఆ పని ఎవరికీ ఇవ్వలేదు ఆయన.

"ఇంగ తెలుస్తాదమ్మా," అన్నాడు మొదటి రోజు. "మేం చెప్తే సాకులంటాండారు. ఈ కడ్డీ చెప్తే ఏమంటారో చూద్దాం."

ఆయన ముఖం చూస్తే నాకూ ఉషారొచ్చింది. యంత్రం ఎంచుకున్నది తూటాల తప్పు నిరూపించడానికే అన్నట్టు అప్పటికి నా మనసులో పడిపోయింది. ఆయన చొక్కామీద గుర్తు మళ్లీ ఎక్కుతుందని కూడా అనుకున్నాను.

ముందు రెండు తీగల్లో కరెంటునూ ఒకేసారి ఆపి చూశాం. గాటు పడవలసిన చోటే పడింది. ఇంకోసారి. అక్కడే. తర్వాత పాత తూటా ఒకటి, కొత్త తూటా ఒకటి, మార్చి మార్చి కాల్పించాం. మా ఆయన బయట, నేను కొట్టంలో. ప్రతి దెబ్బకూ కడ్డీ తీసి, గాటు ఎత్తు స్కేలుతో చూసి, యంత్రంతో వచ్చిన పట్టికలో వేగం వెతకాలి. మధ్యాహ్నానికి పని ముగిసింది. పాతవాటికీ కొత్తవాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు నమ్మకం కలగక ఇంకో పెట్టె విప్పించి ఇంకోరోజు చేశాం. మళ్లీ అంతే.

పెద్దాయన కొట్టం గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అన్నీ ఒకటేనా అమ్మా?"

"ఒకటే పెద్దాయనా."

"నేనొక దెబ్బ కొట్టొచ్చా? నా తుపాకితో?"

మా ఆయన సరేనన్నాడు. పెద్దాయన పడుకుని, ఎప్పటిలాగే తొందర లేకుండా కాల్చాడు. నేను కడ్డీ తీసి చూశాను. గాటు తక్కిన వాటి వరసలోనే ఉంది. ఆయన లోపలికి వచ్చి కడ్డీ అడిగి తీసుకున్నాడు. ముందు ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా చేయి చాపుతూ, పూర్తిగా చాపినంత దూరం పెట్టి చూశాడు. రాజంపేటలో మా నాయన పేపరు అలాగే పట్టుకునేవాడు, అద్దాలు కొనకముందు. నాకు అప్పుడర్థమైంది. తుపాకి కొన మీద ఉండే చిన్న గురికొయ్య ఆయనకు తేటగా కనబడడం లేదు.

ఆయన కడ్డీ నా చేతికిచ్చి, "అయితే సరే," అని, తెగిన తీగ ముడివేయడానికి చట్రం దగ్గరికి పోయాడు. ఇంక కాల్పులు లేవని ఆయనకు తెలుసు. అయినా ముడివేశాడు.

ఇంటికొచ్చాక మా ఆయనతో చెప్పాను. "నాకూ అనుమానమే. ఆయప్పకు నేను చెప్పేదా?" అన్నాడు. ఇద్దరమూ చెప్పలేదు.

తూటాలు మంచివేనని రిపోర్టు పోయింది. తప్పినవాళ్లదే తప్పు అని తేలింది. నాకు మాత్రం ఒకటి మిగిలిపోయింది. దెబ్బలు పైకి పోయినవాళ్ల సంగతేమిటి? వాళ్లంతా వయసువాళ్లు, కండ్లు బాగున్నవాళ్లు. పరీక్ష ఎట్లా జరిగిందని మా ఆయనను అడిగాను. సీనియర్లు పొద్దున్నే కాలుస్తారనీ, కొత్తవాళ్ల వంతు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుందనీ చెప్పాడు. పరీక్ష జరిగింది ఎండల్లో, మేము కొలిచింది చలికాలంలో. అప్పటికి నాకు తట్టలేదు. ఎండలు వచ్చి, వడియాల పిండి మిద్దెమీదికి మోసుకుపోతూ అరికాలు చుర్రుమన్నప్పుడు తట్టింది.

సూపరింటెండెంటు ఒప్పుకుంటే మళ్లీ కొలుద్దామన్నాను. ఒప్పుకున్నాడు. ఈసారి ఒక తూటాల డబ్బాను రేంజిలో ఎప్పుడూ పెట్టేచోటే, కాల్చేవాళ్ల పక్కన ఎండలో ఉంచాం. ఇంకొకటి కొట్టంలో నేలమీద, నీడన. మధ్యాహ్నం దాకా ఆగి కాల్పించాం. ఎండ డబ్బాలోవి తీసి నింపేవాడు వేలు కాలి చేయి విదిలించుకున్నాడు. వాటి గాట్లు కిందికి పడ్డాయి. నీడ డబ్బావి ఆ పైన. తిప్పి మార్చి ఎన్నిసార్లు చేసినా అంతే. ఎండకు కాగిన తుపాకిమందు తూటాను ఇంకా జోరుగా తోస్తోంది. జోరుగా పోయిన తూటా దూరపు బోర్డుమీద పైకి తగులుతోంది. కొత్తవాటిలో పొంతన లేదని పెద్దాయన అన్నది కొంత నిజమే, కానీ పాతవాటికీ అదే జరుగుతుంది. అంతకుముందు ఇంతమంది లేరు గనక పరీక్ష పొద్దున్నే ముగిసేది.

మా ఆయన సంతోషానికి అంతు లేదు. తూటాల డబ్బాలు నీడనే ఉంచాలని ఉత్తరువు, కాల్చేచోట బోదగడ్డి కప్పిన పందిరి, మధ్యాహ్నం తప్పినవాళ్లకు మళ్లీ పరీక్ష. వాళ్లలో చాలామంది నెగ్గారు. ఒకతను వాళ్లావిడ చేత మా ఇంటికి బొరుగులూ బెల్లమూ పంపాడు.

నేను ఆ రోజు కొలత ముగియగానే చట్రాల దగ్గరికి పోయి పెద్దాయనకు చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు.

"మంచిది తల్లీ. పిల్లోళ్లకు మేలయింది," అన్నాడు. తర్వాత తీగ చుట్టను చేతిలో తిప్పుతూ, "నేను పొద్దున్నే కొడతా గదా. నాకు ఆ సాకు పనికి రాదు," అన్నాడు.

చుట్ట పక్కన పెట్టి మళ్లీ అన్నాడు. "ముందు కొన పొగ మాదిరి ఉండాదమ్మా. శానా దినాల నుంచి. చెప్తే తుపాకి తీసుకుంటారు గదా, అందుకే చెప్పల్యా."

"మరి తూటాల్లో పస లేదని మీరే కదా అన్నారు?"

"నిజంగా తూటాలదే తప్పేమో అనుకున్నానమ్మా. భుజానికి తెలుస్తాండాదని చెప్పినా గదా, అది అబద్ధం కాదు. నాకట్లే అనిపిచ్చింది."

ఆయన అది సిగ్గుపడుతూ చెప్పలేదు, ఊరి వానల గురించి చెప్పినట్టు చెప్పాడు. ఏడుపొచ్చింది నాకే. ఎండకు కళ్లు మండుతున్నట్టు కొంగుతో తుడుచుకున్నాను.

మా ఆయన ఆయనను పెద్దాసుపత్రికి తీసుకుపోయి కళ్లు చూపించాడు. అద్దాలు వచ్చాయి. అద్దాలు పెట్టుకుంటే కొన కనబడింది గానీ దూరంలో బోర్డు మసకబారింది. తీస్తే బోర్డు కనబడి కొన పోయింది. అట్లాగే ఒక పరీక్ష కాల్చి, మామూలు కానిస్టేబులు నెగ్గినంతకు నెగ్గాడు. తుపాకుల గుర్తు తిరిగి రాలేదు. కొత్త చొక్కాలు ఇచ్చినప్పుడు ఆ ముదురు మచ్చ కూడా పోయింది. యంత్రాన్ని, చట్రాలను, తూటాల కొట్టాన్ని మా ఆయన ఆయనకే అప్పగించాడు. అద్దాలు జేబులో పెట్టుకుని, చూపుతో పని లేకుండా వేళ్లతోనే తడిమి తీగ ముడివేసేవాడు. గాటు ఎత్తు చదవవలసినప్పుడు మాత్రం అద్దాలు జేబులోంచి తీసి కళ్లకు పెట్టుకునేవాడు.

నేను ఆ మరుసటి వేసవిలో కూడా అప్పుడప్పుడు రేంజికి పోయాను. మొదట్లో పోలీసు లైన్లలో ఆడవాళ్లు జీపు వెనక సీటు వైపు వింతగా చూసేవాళ్లు, తర్వాత మానేశారు. రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు ఎత్తేశారు. మా ఆయనకు కడపకు బదిలీ అయింది. కడపలో కాలేజీ లాబరేటరీలో నాకు డిమాన్‌స్ట్రేటరు పని దొరికింది. అడగడానికి నాకు ధైర్యం చాలకపోతే మా ఆయనే దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టాడు. ఈసారి సంతకం నేనే చేశాను.

కర్నూలు వదిలే ముందు ఒక పొద్దున రేంజికి చివరిసారి పోయాను. కొత్తగా చేరిన నలుగురికి పెద్దాయన చట్రం అల్లడం నేర్పుతున్నాడు. ఒకతను తీగ గట్టిగా లాగి తెంపేశాడు.

"అట్ల గుంజితే ఎట్లప్పా? బిన్నే కావాలని తొందరపడితే ఈ పని కాదు. ఇటియ్యి," అని చుట్ట లాక్కుని, మొదటినుంచి అల్లి చూపించాడు.

నన్ను చూసి లేవబోతే వద్దని చెయ్యి ఊపాను. వాళ్లు ఆ చట్రం పూర్తి చేసేదాకా బండమీద కూర్చుని, ఎండ ఈ పక్కకు తిరిగాక జీపెక్కాను.